అమ్మ ఈసారి పరేడ్‌కి రానంటోంది

"అక్కా నమస్తే. మాది పాత కరీంనగర్ జిల్లాల ఒక పల్లె. మా బాపు కానిస్టేబుల్. నాకు మూడేళ్లున్నప్పుడు కల్వర్టు కింద మందుపాతర పేలి చనిపోయిండు. ప్రతి అక్టోబర్ 21కి, పోలీసు అమరవీరుల దినం కదా, ఎస్పీ ఆఫీస్ నుంచి ఫోన్ వస్తది, అమ్మను ముందు వరసల కూసోబెడ్తరు, శాలువా కప్పుతరు. ఈసారి అమ్మ 'నేను రాను, ఇగ నాతోని కాదు' అంటుంది. బాపు పోయినందుకు అన్నకి డిపార్ట్‌మెంట్ల జాబ్ ఇచ్చిన్రు, అన్నేమో ఊర్ల బస్టాండ్ కాడ బాపు విగ్రహం పెడ్తా అని పట్టుబట్టిండు. అమ్మ దానికి కూడా ఏం మాట్లాడ్తలేదు. మా ఊర్లనే ఇంకో ఇంటి పిల్లగాడు అన్నలల్ల, అంటే నక్సలైట్లల్ల, కలిసి ఎన్‌కౌంటర్‌ల పోయిండు, వాళ్లమ్మ మా అమ్మ ఒక్కటే సంఘంల పొదుపు కడ్తరు. నా కొడుక్కి ఎనిమిదేళ్లు, తాతను ఎవరు సంపిన్రు అని అడుగుతుండు. అసలు సంగతేందంటే అక్కా, నాకు బాపు ముఖం యాదికి లేదు. గోడ మీద టోపీ పెట్టుకున్న ఫోటోనే నాకు బాపు. యాదిలనే లేని మనిషిని ఎట్ల యాది చేసుకోవాలె?"

చెల్లీ, ముందు అమ్మ సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే అక్టోబర్ దగ్గరకొచ్చేస్తోంది, మీ అన్న ఈపాటికి కారు కూడా మాట్లాడేసి ఉంటాడు. అమ్మని బలవంతం చెయ్యకండి. రానంటే వదిలేయండి.

ఒక్కసారి ఆమె కూర్చునే కుర్చీలో నువ్వు కూర్చుని చూడు. పొద్దున్నే గ్రౌండ్‌లో ఉండాలంటే ఊళ్లో నాలుగింటికి లేవాలి. షామియానా కింద ముందు వరస. బ్యూగిల్ ఊదుతారు. 'శోక్ శస్త్ర్' అని కమాండ్ పడగానే అంతమంది ఒకేసారి తుపాకులు తలకిందులు చేసి గొట్టం బూటు ముక్కు మీద ఆనించి తలలు దించుకుంటారు, ఆ తర్వాత కాసేపు గాలికి షామియానా గుడ్డ కొట్టుకోవడం తప్ప ఏమీ వినిపించదు. నేను జీవితంలో ఒక్కసారే చూశా, నావాళ్లెవరూ ఆ లిస్టులో లేరు, అయినా గొంతు పట్టేసింది. మీ అమ్మ దాన్ని పాతికసార్లు పైనే చూసింది. అది అయ్యాక శాలువా, పండ్లు, ఫోటో, తర్వాత ఎవడో కుర్రాడు మైకు మూతి దగ్గర పెట్టి "మీ ఫీలింగ్ ఏంటమ్మా" అని అడగడం. ఒకసారి బీరువా తెరిచి చూడు, కవర్ కూడా విప్పని శాలువాలు ఎన్ని ఉన్నాయో.

ఇంకోటి, నువ్వు లెటర్‌లో రాయలేదు కానీ పెత్రమాసకి, అదే పెద్దల అమావాస్యకి, అమ్మ మీ బాపు పేరు చెప్పి బియ్యం ఇస్తుంది కదా? ఎంగిలిపూల బతుకమ్మ రోజు? అదీ అటూ ఇటూగా ఈ రోజుల్లోనే వస్తుంది, తర్వాత కొన్ని వారాలకే పరేడ్. ఇవి కాక అసలు పోయిన రోజు ఒకటి. అంటే ఆమెకి భర్త ఏటా మూడుసార్లు పోతున్నాడు, ఒకటి ఇంటి లెక్కన, ఒకటి గవర్నమెంట్ లెక్కన, ఒకటి నిజంగా. వయసు మీద పడ్డాక అందులో ఒకటి తగ్గించుకుంటానంటే తప్పేముంది చెప్పు. కుర్చీ ఖాళీగా ఉంటే సార్లు ఏమనుకుంటారో అని మీ అన్నకి ఉంటుంది, రోజూ వాళ్ల మధ్యే ఉద్యోగం మరి. నువ్వెళ్లి కూర్చో. మీవాణ్ని కూడా తీసుకెళ్లు, ఎనిమిదేళ్లంటే అర్థమవుతుంది.

వాడికి దారిలో చెప్పడానికి ఈ 21వ తారీఖు కథ ఒకటుంది, చాలామంది పోలీసిళ్లల్లో పిల్లలకే తెలీదు. 1959లో లడఖ్ సరిహద్దు కాసేది ఆర్మీ కాదు, పోలీసులు. హాట్ స్ప్రింగ్స్ అనే చోటు నుంచి అక్టోబర్ 20న మూడు పార్టీలు దారి చూసి రావడానికి వెళ్లాయి, రెండు తిరిగొచ్చాయి, మూడోది రాలేదు, అందులో ఉన్నది ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక పోర్టర్. మర్నాడు కరమ్ సింగ్ అనే ఆఫీసర్ ఒక ఇరవై మందిని తీసుకుని వాళ్లని వెతకడానికి బయల్దేరాడు. చైనా వాళ్లు గుట్ట మీద నుంచి కాల్చారు. పది మంది పోయారు. శవాల్ని తిరిగి ఇచ్చింది నవంబర్ 13న, మూడు వారాలకి, అక్కడే ఆ చలిలోనే దహనం చేశారు. తర్వాత 1960 జనవరిలో అన్ని రాష్ట్రాల పోలీస్ పెద్దలు కూర్చుని ఈ తారీఖు ఖాయం చేశారు. నాకు ఇందులో ఎప్పుడూ అనిపించేది ఏంటంటే వాళ్లు కొట్లాటకి పోలేదు, ఇంటికి రాని తోటోళ్లని వెతుక్కుంటూ పోయారు.

ఇక నీ అసలు ప్రశ్న. పరేడ్‌లో నీకు దొరకనిది ఎందుకు దొరకట్లేదో చెప్తా. ఆ రోజు చదివే పేర్లు కిందటి సెప్టెంబర్ 1 నుంచి ఈ ఆగస్ట్ 31 దాకా పోయినవాళ్లవి, దేశం మొత్తంలో. మీ బాపు పేరు ఒకే ఒక్క అక్టోబర్‌లో చదివారు, అప్పటికి నువ్వు ఎవరి ఒళ్లోనో నిద్రపోతూ ఉండి ఉంటావు. మరుసటేడు లిస్టు వేరు. ఢిల్లీలో చాణక్యపురిలో నేషనల్ పోలీస్ మెమోరియల్ ఉంది, 2018లో ఓపెన్ చేశారు, 30 అడుగుల ఎత్తున 238 టన్నుల నల్ల గ్రానైట్ రాయి, గోడ మీద అప్పటికి 34,844 పేర్లు చెక్కారు, వీలైతే ఒకసారి మీవాణ్ని తీసుకెళ్లి తాత పేరు వెతికించు, అక్షరాల మీద వేలు పెట్టి చూడనివ్వు. కానీ అక్కడ దొరికేది కూడా పేరే. డిపార్ట్‌మెంట్ దగ్గర ఉన్నది పేరు, నంబరు, పోయిన తేదీ, పోయిన చోటు. నీకు కావాల్సింది అది కాదు కదా, ఆయన అన్నంలో పెరుగు ముందు కలిపేవాడా చివర్లోనా, అట్లాంటివి. అవి మనుషుల దగ్గర ఉంటాయి, ఆ మనుషులేమో ఇప్పుడు రిటైరైపోయి ఎక్కడెక్కడో ఉన్నారు.

మా చిన్నాయన సంగతి చెప్తా. ఏఆర్‌లో, అంటే ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసులో, హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు, తొంభైల్లో మీ వైపే కొన్నేళ్లు పని చేశాడు. ఆయనకొక దోస్తు, ఒకే బ్యారక్, పక్కపక్క మంచాలు. ఆ దోస్తు దగ్గర మా చిన్నాయన జీతం రాకముందు మూడొందలు చేబదులు తీసుకున్నాడు, అప్పట్లో అది చిన్న డబ్బు కాదు. ఫస్ట్ తారీఖుకి ఇస్తా అన్నాడు. 28నో 29నో ఆ దోస్తు కూంబింగ్‌కి పోయి తిరిగి రాలేదు. చిన్నాయన అంత్యక్రియలకి వెళ్లాడు, మూడొందలు జేబులో పెట్టుకునే వెళ్లాడు, ఇవ్వలేకపోయాడు. అంత ఏడుస్తున్న ఆడమనిషి చేతిలో మూడు నోట్లు ఎట్లా పెట్టాలి, ఏమని చెప్పాలి? పదో రోజు ఇద్దామనుకున్నాడు, అప్పుడూ కాలేదు. సంవత్సరీకానికి అసలు వెళ్లనే లేదు, బాకీ ఉన్న మొహం చూపించలేక. అట్లా పదిహేడేళ్లు. ఆ ఊరి మీదుగా బస్సు పోయే రూటు ఉంటే చుట్టూ తిరిగి పోయేవాడు, ఇది మా పిన్ని చెప్పింది.

చివరికి రిటైరయ్యే ముందు వెళ్లాడు. మూడొందలు కాదు, మూడు వేలు కవర్లో పెట్టుకుని. ఆమె తలుపు తీసింది, ఈయన విషయం చెప్పాడు, ఆమె ముందు అర్థం కానట్టు చూసి తర్వాత నవ్విందంట. "ఇంట్ల నాకు కూరగాయలకి లెక్క అడిగేటోడు, బయట అప్పులు కూడా ఇచ్చేటోడా" అని. కొడుకుని పిలిచి చెప్పింది, వాడు అప్పటికే ఉద్యోగం చేస్తున్నాడు, వాడు నవ్వాడు. ఆ ఇంట్లో ఆ మనిషి గురించి కొత్త మాట ఒకటి వినపడి పదిహేడేళ్లయింది చెల్లీ. ఆ సాయంత్రం రాత్రైంది, చిన్నాయన ఆ బ్యారక్ ముచ్చట్లన్నీ చెప్పాడు, ఆ దోస్తు నిద్రలో హిందీ పాటలు పాడేవాడని, చపాతీ పిండి పిసికితే రాయిలా అయ్యేదని. కొడుకు ఫోన్‌లో రికార్డ్ చేసుకున్నాడు. ఇంతకీ డబ్బు తీసుకోలేదు ఆమె, మూడొందలు మాత్రం తీసుకుంది, మిగతాది వెనక్కిచ్చింది.

మీ బాపు దోస్తులు కూడా మీ ఇంటికి రాలేదంటే మర్చిపోయారని అనుకోకు. ఆ రోజు డ్యూటీ మార్చుకున్నవాడు ఒకడుంటాడు, జీపులో చోటు లేక ఆగిపోయినవాడు ఒకడుంటాడు, వాళ్లకి మీ గుమ్మం ఎక్కాలంటే కాళ్లు రావు. వాళ్లు రారు, నువ్వే పోవాలి. మీ అన్న ఆఫీసులో ఉన్నాడు కాబట్టి పాత స్టేషన్ పేర్లు, బ్యాచ్ వివరాలు సర్వీస్ రిజిస్టర్ చూసి కనుక్కోవడం కష్టం కాదు. ఒకే సంవత్సరం ట్రైనింగ్ అయినవాళ్లకి ఈ మధ్య వాట్సాప్ గ్రూపులు ఉంటున్నాయి, ఒక్కడు దొరికితే నలభై మంది దొరుకుతారు. ఒక ఫోటో పెట్టి "ఈయన కూతుర్ని" అని రాయి చాలు. వాళ్లకి ఇప్పుడు అరవై దాటి ఉంటుంది, కొందరికి షుగరు, కొందరికి గుండె, ఆలస్యం చెయ్యకు.

వెళ్లినప్పుడు "మా బాపు ఎట్లాంటోడు" అని అడగకు. అట్లా అడిగితే "చాలా మంచోడమ్మా, ధైర్యవంతుడు" అంటారు, అక్కడితో అయిపోతుంది, పోయినవాళ్లందరూ మంచోళ్లే మన దగ్గర. చిన్నవి అడుగు. మెస్‌లో ఏం తినేవాడు, సెలవు దొరక్కపోతే ఎవర్ని తిట్టేవాడు, ఎన్నికల బందోబస్తుకి ఎక్కడ పడుకునేవారు, భయం వేసిన రోజు ఏదైనా ఉందా, నేను పుట్టినప్పుడు స్వీట్లు పంచాడా లేక ఆడపిల్లని మూతి ముడిచాడా. నచ్చని జవాబు కూడా వస్తుంది, తాగేవాడు అంటారు, చేయి చేసుకున్నాడు అంటారు, రానీ. టోపీ పెట్టుకున్న ఫోటోలో అవి ఉండవు కదా. ఊళ్లో కూడా అడుగు, ఆయనతో బడికి పోయినోళ్లు, బావిలో ఈత కొట్టినోళ్లు ఉంటారు, పోలీసు కాకముందు కూడా ఆయన ఇరవై ఏళ్లు బతికాడు, ఆ ఇరవై ఏళ్లు ఏ రిజిస్టర్‌లోనూ లేవు.

ఈ బాధ నీ ఒక్కదానిదే అనుకోకు అని చెప్పడానికి ఇది రాస్తున్నా. 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల రిజర్వాయర్‌లో లాంచీ మీద మావోయిస్టులు కాల్పులు జరిపితే 38 మంది పోయారు, ఎక్కువ మంది మన గ్రేహౌండ్స్ కుర్రాళ్లే, నక్సలైట్ల మీదకి పంపే ప్రత్యేక పోలీసు దళం వాళ్లు, నీళ్లలోంచి శవాలు తీయడానికి రోజులు పట్టింది. అప్పుడు చంకలో ఉన్న పిల్లలు ఇప్పుడు కాలేజీల్లో ఉంటారు. నువ్వడిగిందే వాళ్లూ ఎవర్నో ఒకర్ని అడుగుతూ ఉంటారు.

విగ్రహం దగ్గరికొద్దాం. హైదరాబాద్ ఎస్‌ఆర్ నగర్‌లో ఉమేష్ చంద్ర గారి విగ్రహం తెలుసు కదా, కరీంనగర్ ఎస్పీగా చేసినాయనే, మీ అమ్మకి బాగా గుర్తుండి ఉంటుంది. 1999 సెప్టెంబర్ 4న అక్కడే సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు కాల్చి చంపారు. నేను ఏడేళ్లు ఆ రోడ్డు మీదే ఆఫీసుకి తిరిగా, ఆటోవాడికి విగ్రహం దగ్గర ఆపు అని చెప్పి దిగేదాన్ని, ఒక్కరోజు కూడా తలెత్తి చూడలేదు, సిగ్గేస్తుంది చెప్పుకోవాలంటే. ఆ రోజు ఆయనతో పాటు గన్‌మెన్, డ్రైవర్ కూడా చనిపోయారన్న సంగతి చాలా ఏళ్ల తర్వాత తెలిసింది నాకు. వాళ్ల పేర్లు చెప్పమంటే ఆ సెంటర్‌లో ఎంతమంది చెప్తారు? విగ్రహం పెట్టడం తప్పని కాదు, పెడితే పని అయిపోయింది అనిపిస్తుంది, అదీ దాంతో ఇబ్బంది. పైగా మన విగ్రహాలు చేసేవాళ్లు అందరికీ ఒకే మీసం పెడతారు, నీకు ముఖమే గుర్తులేదంటున్నావు, రేపు ఆ సిమెంట్ ముఖమే బాపు అయిపోతుంది మీవాడికి.

చట్టం సంగతి కూడా చూసుకోమను అన్నని. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, జనం వాడుకునే జాగాల్లో కొత్త విగ్రహాలకి పర్మిషన్ ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలకి ఆర్డర్ ఇచ్చింది. బస్టాండ్ దగ్గరంటే అదే కదా. ఎక్కడ చూసినా పెడుతూనే ఉన్నారుగా అంటాడు, నిజమే, కానీ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తూ అట్లా పెట్టి ఎవడో కంప్లైంట్ ఇస్తే ముసుగేసి ఏళ్ల తరబడి ఉంచేస్తారు, ఆ ముసుగేసిన బాపుని అమ్మ రోజూ చూడాలి.

కానీ అన్నని కొట్టిపారేయకు. నీకంటే పెద్దవాడు, ఆ రోజు వాడికి గుర్తుంటుంది. అట్లా పోయినవాళ్లని గుడ్డ చుట్టి తెస్తారు, పిల్లలకి ముఖం చూపించరు. నాకేమనిపిస్తోందంటే, వాడు అప్పుడు చూడని ముఖాన్ని ఇప్పుడు రాతితో చేయించుకుంటున్నాడు. ఊరి కోసం కాదు అది. విగ్రహం ఎందుకురా అని వాదించకుండా ఒకరోజు ఇద్దరే కూర్చుని ఆ రోజు నువ్వేం చూశావన్నా అని అడుగు, నాకు తెలిసి ఇన్నేళ్లలో ఎవరూ అడిగి ఉండరు. ఆ తర్వాత కూడా పెడతానంటే సొంత పొలం గట్టు మీదో ఇంటి ముందో పెట్టుకోమను, లేకపోతే బాపు చదివిన బళ్లో పదో తరగతిలో ఫస్టొచ్చిన పిల్లకి ఏటా ఆయన పేరు మీద ఏదైనా ఇవ్వొచ్చు, హెడ్‌మాస్టర్ కాదనడు.

ఇక అమ్మ మౌనం. ఆ ఇంకో ఇంటి ముసలమ్మ ప్రతి నెలా సంఘం మీటింగ్‌కి బస్టాండ్ మీదుగానే పోవాలి కదా, నువ్వే రాశావు ఇద్దరూ ఒకటే సంఘమని. నువ్వా ముక్క లెటర్‌లో ఊరికే రాయలేదు, నీకూ తెలుసు. మన దగ్గర అమరవీరుడు అనే మాటకి వాటాదారులు ఎక్కువ. పోలీసులకి అక్టోబర్ ఉంది, మావోయిస్టులకి జూలై 28 నుంచి ఆగస్ట్ 3 దాకా వాళ్ల అమరుల వారం ఉంది, హైదరాబాద్‌లో గన్ పార్క్‌కి పోతే అక్కడ స్థూపం 1969లో తెలంగాణ కోసం పోయినోళ్లది. ఆ ఇద్దరు ఆడవాళ్లు మాత్రం ఒకే తివాచీ మీద కూర్చుని వంద రూపాయల పొదుపు రాయించుకుంటున్నారు, ఈ పాతికేళ్లలో వాళ్లిద్దరి మధ్య ఏం మాటలు జరిగాయో, అసలు జరిగాయో లేదో, మనకేం తెలుసు. విగ్రహం గురించి అమ్మని ఒంటరిగా అడుగు, అన్న లేనప్పుడు. ఆమె వద్దంటే వద్దు, అది ఆమె భర్త.

మీవాడికి నిజం చెప్పు. అప్పట్లో పోలీసులకి, అన్నలకి మధ్య ఏళ్ల తరబడి చంపుకోవడాలు నడిచాయి, తాత డ్యూటీ మీద పోతుంటే రోడ్డు కింద మందుపాతర పెట్టి పేల్చారు, అది పెట్టింది అన్నలు, పెట్టడం తప్పు. ఇంత చాలు ఎనిమిదేళ్లకి. వాళ్లని పట్టుకున్నారా అని అడుగుతాడు, తెలిస్తే చెప్పు, తెలీకపోతే తెలీదను. ఆ ఇంకో ఇంటి అవ్వ కొడుకు కూడా వాళ్లల్లోనే పోయాడని ఎట్లాగూ బడిలో ఎవడో చెప్తాడు, నువ్వే ముందు చెప్పెయ్, ఆ అవ్వ ఎవర్నీ చంపలేదని కూడా చెప్పు. ఒక్కటి మాత్రం చెయ్యకు, పెద్దయ్యాక నువ్వూ పోలీసయి తాత పేరు నిలబెట్టాలి అని మాత్రం అనకు, ఎవరైనా చుట్టాలు అంటే ఆపు. మీ అన్నకి ఆ డ్రెస్సు అడక్కుండానే వచ్చింది, ఒకరు చాలు.

మా చిన్నాయనకి నీ లెటర్ చదివి వినిపించా, మీ బాపు ఏ స్టేషన్, ఏ సంవత్సరం అని అడుగుతున్నాడు. నువ్వు సరే అంటే ఆయన నంబర్ విడిగా పంపిస్తా. పొద్దున పదింటి లోపల చెయ్యి, కాస్త గట్టిగా మాట్లాడు, కుడి చెవి అప్పట్నుంచీ వినపడదు, ఫోన్ ఎడమ చెవికి మార్చుకునేదాకా ఆగు.